ఒక్క మనిషికి ఎన్నిసార్లు వెరిఫికేషన్?

సంపాదకుల వారికి నమస్కారం.

కర్నూలులో పదమూడేళ్లుగా చిన్న నెట్ సెంటర్ నడుపుతున్నాను. ఉద్యోగాలకు అప్లికేషన్లు పెట్టే పిల్లలే నాకు ఎక్కువ గిరాకీ. సెలక్ట్ అయినవాళ్లు పోలీసు వెరిఫికేషన్ కోసం ఇచ్చే అటెస్టేషన్ ఫామ్ నింపించుకోడానికి మళ్లీ నా దగ్గరికే వస్తారు. రిజల్ట్ వచ్చిన రోజు స్వీటు డబ్బాతో వచ్చిన పిల్లోడే నాలుగు నెలలు పోయాక మొహం వేలాడేసుకుని వచ్చి "అన్నా, నా వెరిఫికేషన్ ఏడ దాకా వచ్చిందో ఆన్‌లైన్‌లో కనపడుతుందా?" అని అడుగుతాడు. కనపడదు. ఆ మాట చెప్పి చెప్పి విసుగొచ్చి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా చెల్లెలి కొడుకు సంగతే చెబుతాను. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చేశాడు. పాస్‌పోర్టు కోసం ఒకసారి పోలీసు ఎంక్వైరీ జరిగింది. తర్వాత కాంట్రాక్టు పని మీద ఒక విమానాశ్రయం లోపలికి పోవడానికి పాసు కావాల్సి వచ్చి మళ్లీ జరిగింది. ఆ తర్వాత ఒక కేంద్ర సంస్థలో టెక్నీషియన్ పోస్టు వచ్చింది, సంతోషించేలోపు మూడో ఎంక్వైరీ మొదటి నుంచి మొదలైంది. మూడుసార్లూ అదే ఇల్లు, అదే స్టేషన్, అవే పొరుగింటి సంతకాలు. ముందు రెండుసార్లు మంచివాడని రాసిన ప్రభుత్వమే మూడోసారి వీడెవడో తెలియనట్టు అడిగింది, ఎందుకంటే ముందు రాసిన కాగితాలు ఈ మూడో ఆఫీసుకు కనపడవు.

మూడోదానికి ఏడు నెలలు పట్టింది. గత ఐదేళ్లలో ఏడాదికి మించి ఎక్కడెక్కడ ఉన్నావో అన్నీ ఫామ్‌లో రాయాలి కదా, వీడు నంద్యాలలో కోచింగ్‌కి పద్నాలుగు నెలలున్నాడు, బెంగళూరులో ఏడాదిన్నర పని చేశాడు. మూడు చోట్లకు మూడు ఉత్తరాలు పోయాయి. బెంగళూరులో వీడు ఖాళీ చేసిన రూముకు పోయి అడిగితే ఓనరు మారిపోయాడు, కొత్తాయనకు వీడెవడో తెలియదు, ఆ ఒక్క కాగితం రాలేదని మిగతా రెండూ ఎక్కడో టేబుల్ మీద పడి ఉన్నాయి. మా చెల్లెలు ఆ ఏడు నెలలూ ఫోన్ మోగితే చాలు ఉలిక్కిపడేది.

కానిస్టేబుల్‌ను ఒక్క మాట అనను. మా ఇంటికొచ్చిన ఆయన బందోబస్తు ముగించుకుని రాత్రి ఎనిమిదింటికి సొంత బండి మీద వచ్చాడు, పెట్రోలు ఆయనదే, ఆయన చేతి సంచిలో ఇలాంటివి ఇంకో పదో పదిహేనో ఉన్నాయి. తప్పు పద్ధతిలో ఉంది, ఆ పద్ధతిని మార్చడానికి ఎవరూ డబ్బు కేటాయించకపోవడంలో ఉంది.

నేను అడిగేది ఇది. సెక్యూరిటీ క్లియరెన్సులకు, అంటే మనిషిని విచారించి పనిలోకి తీసుకోవచ్చని ఇచ్చే అనుమతులకు, కేంద్రానికీ రాష్ట్రాలకూ కలిపి ఒకే డేటాబేస్ కావాలి. ఎవరిని విచారించారు, ఏ తేదీన, ఏ స్థాయి పనికి, ఏమని తేలింది, అది ఎప్పటిదాకా చెల్లుతుంది, ఈ ఐదూ ఉంటే చాలు. రెండో ఆఫీసు దాన్ని తెరిచి చూసుకుని, ఆ తేదీ తర్వాత కొత్తగా ఏమన్నా జరిగిందా అన్నంత మటుకే విచారించాలి. నంద్యాల ఎంక్వైరీ అయిపోయింది, బెంగళూరుది ఆగింది అని ఆ పిల్లోడికీ తెలియాలి.

ఇప్పుడున్న కంప్యూటర్లు చాలవా అని మీ పాఠకులు అడగొచ్చు. పోలీస్ స్టేషన్లను కలిపే సీసీటీఎన్ఎస్‌కు 2009లో 2,000 కోట్లు మంజూరు చేశారు. పోలీసులు, కోర్టులు, జైళ్లు, ఫోరెన్సిక్ ల్యాబులను కలిపే ఐసీజేఎస్ రెండో దశకు 2022లో 3,375 కోట్లు ఇచ్చారు. మంచి పనులే. కానీ వాటిలో ఉండేది నేరాల సమాచారం. ఈ మనిషిని ఫలానా ఆఫీసు కోసం ముందే విచారించి సరే అన్నాం అనే సంగతి వాటి పని కాదు. పాస్‌పోర్టు విషయంలో చూడండి, విదేశాంగ శాఖ ఒక యాప్ చేసింది, ఇంటి దగ్గర నిలబడే రిపోర్టు ఎక్కించొచ్చు. పైగా 21 రోజుల్లోపు క్లియర్ రిపోర్టు పంపితే రాష్ట్ర పోలీసులకు ఒక్కోదానికి 150 రూపాయలు, దాటితే 50 రూపాయలు ఇచ్చే ఏర్పాటు పెట్టింది. చేసే పనికి లెక్క కట్టి డబ్బిచ్చారు కాబట్టి అది కదిలింది. ఉద్యోగాల వెరిఫికేషన్‌కు కూడా అదే చేయమంటున్నాను.

మా సీమలో దీనికి ఇంకో బాధ ఉంది, అది బయటివాళ్లకు అంత తొందరగా అర్థం కాదు. ఫ్యాక్షన్ ఊళ్లలో గొడవ జరిగితే ఫిర్యాదులో అవతలి ఇంటి మగవాళ్ల పేర్లన్నీ రాయిస్తారు, కొట్టినవాడితో పాటు ఆ రోజు ఊళ్లోనే లేనివాడి పేరు కూడా ఎక్కుతుంది. నాలుగేళ్లు వాయిదాలకు తిరిగాక పెద్దమనుషులు కూర్చుని రాజీ చేస్తారు, లోక్ అదాలత్‌లో కేసు అయిపోతుంది. కేసు పెట్టినట్టు స్టేషన్ రికార్డులో ఉంటుంది, కొట్టేసినట్టు కోర్టు కాగితంలో ఉంటుంది, ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసేవాడు ఉండడు. ఇక పేర్లు. మా జిల్లాలో మద్దిలేటి అని పిలిస్తే వీధికి ఇద్దరు పలుకుతారు, ఓబులేసులు, ఖాజాలు, రంగన్నలు సరేసరి. ఇంటిపేరు, తండ్రి పేరు కలిసిపోయిన ఒక పిల్లోడికి వేరేవాడి బైండోవర్ కేసు (గొడవలకు పోనని పూచీకత్తు రాయించుకునేది) అంటుకుంది, అది తనది కాదని రుజువు చేసుకోడానికి వాడు స్టేషన్‌కీ తహసీల్దార్ ఆఫీసుకీ మధ్య రెండు నెలలు తిరిగాడు. ఆ రెండు నెలలూ నా షాపులో జిరాక్సులు తీయించుకున్నాడు, డబ్బులు తీసుకోడానికి నాకు మనసొప్పలేదు.

ఆదోని, కోసిగి వైపు నుంచి సుగ్గికి పోయే కుటుంబాల పిల్లల కష్టం మరీ ఎక్కువ. ఏటా కొన్ని నెలలు గుంటూరు వైపు మిరప కోతలకు పోతారు, ఇంటికి తాళం. ఎంక్వైరీకి పోయిన మనిషికి తాళమే కనపడుతుంది, "ఆ చిరునామాలో లేరు" అని రాస్తాడు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పటి నుంచి ఇంకో తిప్పలు, పాత కాగితం కర్నూలు ఎస్పీ ఆఫీసులో, కొత్త స్టేషన్ నంద్యాల జిల్లాలో.

పై కోర్టు కూడా దీన్ని చూసింది. పశ్చిమ బెంగాల్‌లో ఒక కంటి విభాగం ఉద్యోగి 1985లో చేరితే ఆయన పోలీసు వెరిఫికేషన్ రిపోర్టు 2010లో, రిటైర్మెంట్‌కు రెండు నెలల ముందు వచ్చింది. ఇరవై ఐదేళ్లు! ఆ కేసులో సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో అన్ని రాష్ట్రాల పోలీసులకు చెప్పింది, నియామకం జరిగిన ఆరు నెలల్లోపు విచారణ ముగించాలని. మంచి తీర్పు, కానీ లెక్క నియామకం తేదీ నుంచి. వెరిఫికేషన్ అయితే తప్ప ఆర్డరే చేతికివ్వని ఉద్యోగాల్లో ఆ ఆరు నెలలు ఎప్పుడు మొదలవుతాయి? మా మేనల్లుడికి అదే జరిగింది.

ఇది ఉద్యోగాల గోల మాత్రమే అనుకోకండి, దేశ భద్రత కూడా ఇందులోనే ఉంది. మా జిల్లా ఓర్వకల్లు దగ్గర రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ రేంజిలో 2025 ఏప్రిల్‌లో లేజర్ ఆయుధాన్ని, జులైలో డ్రోన్ నుంచి వదిలే క్షిపణిని పరీక్షించారు. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం తవ్వుతున్నారు. ఇలాంటి పనులు ఉన్నచోట సైంటిస్టులతో పాటు డ్రైవర్లు, వైరింగ్ చేసేవాళ్లు, క్యాంటీన్ వాళ్లు, కాంట్రాక్టరు తెచ్చే కూలీలు కూడా లోపలికి పోవాల్సి ఉంటుంది. కాగితం మీద చేసిన విచారణ ఆ రోజుకే నిజం. 2019లో సరే అన్న మనిషి మీద 2022లో వేరే రాష్ట్రంలో కేసు పడితే ఆ కాగితం తనంతట తాను చెప్పదు కదా. తప్పు చేయనివాడు ఆగిపోతున్నాడు, చేసినవాడు తప్పించుకునే సందు ఉంది.

అమెరికాలో ఇదే పని ఎలా నడిచిందో నాలుగు రోజులు కూర్చుని చదివాను. 2004లోనే చట్టం చేశారు, క్లియరెన్సులన్నీ ఒకే డేటాబేస్‌లో ఉండాలనీ, ఒక శాఖ ఇచ్చినదాన్ని ఇంకో శాఖ ఒప్పుకోవాలనీ. చట్టం రాసినంత తేలిగ్గా డేటాబేస్ రాలేదు. 2015లో అక్కడి సిబ్బంది వ్యవహారాల శాఖ కంప్యూటర్ల నుంచి 2 కోట్ల 15 లక్షల మంది విచారణ వివరాలు దొంగలపాలయ్యాయి, అందులో 56 లక్షల మంది వేలిముద్రలున్నాయి. పాస్‌వర్డ్ అయితే మార్చుకోవచ్చు, వేలిముద్ర ఎలా మారుస్తారు? ఆ దెబ్బకు కొత్త వ్యవస్థ పనిని 2016లో రక్షణ శాఖకు అప్పగించారు, 2019కి అయిపోవాలన్నారు, ఆ గడువు దాటి ఏళ్లు గడిచినా పూర్తి కాలేదు. పాతదీ కొత్తదీ రెండింటికీ ఖర్చు పెట్టాల్సి వచ్చింది. అంత డబ్బున్న దేశమే ఇంత తడబడింది కాబట్టి మనకొద్దు అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. సరిగ్గా లెక్క వేసుకోకుండా మొదలుపెడితే ఏమవుతుందో వాళ్లు చూపించారు, మనం మొదటి రోజే పూర్తి లెక్క వేసుకోవాలి. సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఇచ్చే డబ్బొక్కటే లెక్క కాదు, పాత ఎఫ్‌ఐఆర్‌లకు కోర్టు తీర్పులు జత చేసే మనుషులకు జీతాలు, డేటా దొంగలపాలు కాకుండా కాపలా ఖర్చు, ఎవరు ఎప్పుడు ఎవరి ఫైలు తెరిచారో తనిఖీ చేసేవాళ్ల ఖర్చు ప్రతి ఏడాదీ బడ్జెట్‌లో ఉండాలి.

ఇంకొకటి గట్టిగా చెబుతాను. కులం, పార్టీ, పొరుగువాడు చెప్పిన చాడీ అందులో ఎక్కకూడదు. తన గురించి ఏం రాశారో మనిషికి చూపించాలి, తప్పయితే ముప్పై రోజుల్లో దిద్దాలి. చిన్నపాటి కేసైతే, దాన్ని ఫామ్‌లో రాయకపోయినా యజమాని వదిలేయొచ్చని 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టే చెప్పింది, ఆ కేసు చిన్నదో పెద్దదో, ఏమైపోయిందో కనపడితేనే కదా యజమాని వదిలేసేది! 2023 డేటా రక్షణ చట్టంలో ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు ఇచ్చే వీలుంది, ఈ డేటాబేస్‌కు ఆ మినహాయింపు వాడకూడదు.

మా మేనల్లుడు చేరాడు లెండి, ఏడు నెలల సీనియారిటీ పోగొట్టుకుని. వాడితో పాటు సెలక్ట్ అయిన ఆలూరు పిల్లోడు ఇంకా ఎదురు చూస్తున్నాడు, పగలు సిమెంటు షాపులో లెక్కలు రాస్తున్నాడు. ఈ సంగతులన్నీ పెట్టి కేంద్ర హోం శాఖకూ మన రాష్ట్ర హోం శాఖకూ అర్జీ టైప్ చేశాను, నా షాపుకొచ్చే పిల్లలు సంతకాలు పెడుతున్నారు. వచ్చే సోమవారం కలెక్టరేట్‌లో గ్రీవెన్స్‌లో ఇస్తాం, కాపీ మన ఎంపీ గారి ఆఫీసుకు కూడా పంపుతాం. ఆలోపు ఈ ఉత్తరం వేస్తే అనంతపురం, కడప పిల్లలు కూడా వాళ్ల జిల్లాల్లో ఇలాంటి అర్జీ పెట్టుకుంటారు.

ఇట్లు,
నెట్ సెంటర్ నడిపే ఒక పాఠకుడు,
కర్నూలు