థైరాయిడ్ సభ్యుల తోడ్పాటు బృందం: 2024–25 వార్షిక నివేదిక

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారాలు.

విజయవాడ సత్యనారాయణపురం, ముత్యాలంపాడు పరిసరాల్లో మన సంక్షేమ సంఘం ఆధ్వర్యంలో నడుస్తున్న థైరాయిడ్ సభ్యుల తోడ్పాటు బృందం 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు చేసిన పనిని సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాను. జమాఖర్చుల పట్టికను కోశాధికారి గారు విడిగా సమర్పిస్తారు కాబట్టి ఆ వివరాలు ఇందులో చేర్చలేదు.

బృందం పెట్టినప్పుడు రాసుకున్న నియమాన్ని ఈ ఏడాది చేరిన సభ్యుల కోసం మళ్లీ గుర్తు చేస్తున్నాను. మాత్ర మోతాదు ఎంత ఉండాలి, ఎప్పుడు పెంచాలి, ఎప్పుడు తగ్గించాలి అనే విషయాల్లో మన సమావేశాల్లో ఎవరూ ఎవరికీ సలహా ఇవ్వరు. ‘నాకు 75 రాశారు, మీకూ అదే సరిపోతుంది’ అనే మాట ఎంత ప్రేమతో అన్నా సరే, మన దగ్గర చెల్లదు. రోజూ మాత్ర మరవకుండా వేసుకోవడం, పరీక్ష వాయిదా వేయకుండా చేయించుకోవడం, వంటింట్లో నూనె తగ్గించడం, తెల్లవారుజామున లేచి నడవడం వంటివి ఒంటరిగా చేయడం కష్టం, నలుగురితో కలిసి చేస్తే తేలిక. బృందం పని అంతవరకే. ఆ హద్దు దాటనందువల్లే డాక్టర్లు కూడా మన సభ్యులను ఆదరంగా చూస్తున్నారని నేను గట్టిగా నమ్ముతున్నాను.

మాత్ర వేసుకుంటున్నా బరువెందుకు తగ్గడం లేదు?

ఏడాది పొడవునా మన సమావేశాల్లో అందరికంటే ఎక్కువగా వినిపించిన ప్రశ్న ఇదే కాబట్టి దీని మీద కొంత వివరంగా రాస్తున్నాను. థైరాయిడ్ గ్రంథి చాలినంత హార్మోన్ తయారు చేయనప్పుడు శరీరం శక్తిని ఖర్చు చేసే వేగం తగ్గుతుంది, ఒంట్లో ఉప్పూ నీరూ నిలుస్తాయి, మనిషి ఉబ్బినట్టు కనిపిస్తాడు. అయితే కేవలం ఈ లోపం వల్ల పెరిగే బరువు చాలామందిలో రెండు నుంచి నాలుగున్నర కిలోల లోపే ఉంటుంది, అందులోనూ ఎక్కువ భాగం కొవ్వు కాదు, నీరే. ఆ హార్మోన్ లోటు తీర్చే లెవోథైరాక్సిన్ మాత్రతో, థైరాయిడ్ పనితీరును రక్తపరీక్షలో చూపించే టీఎస్‌హెచ్ అదుపులోకి వచ్చాక ఆ మేరకు బరువు తగ్గుతుంది. అంతకు మించి ఉన్న పది, పదిహేను కిలోలకు తిండి, కదలిక లేకపోవడం, నిద్ర చాలకపోవడం, కాన్పులు, వయసు వంటి వేరే కారణాలు ఉంటాయి, వాటి పని వేరుగా పట్టాలి.

ఈ మాట మొదటిసారి విన్నప్పుడు చాలామంది సభ్యుల ముఖాలు చిన్నబోయాయి. ఏళ్ల తరబడి ‘థైరాయిడ్ ఒళ్లు’ అనుకుంటూ వచ్చినవారికి అది సులువుగా మింగుడు పడేది కాదు. కానీ తర్వాతి నెలల్లో మార్పు కనిపించింది. మాత్ర పని చేయడం లేదన్న నిరాశతో డాక్టర్లను మారుస్తూ తిరిగిన ఒక సోదరి, తన టీఎస్‌హెచ్ రెండేళ్లుగా సరిగ్గానే ఉందని పాత రిపోర్టులన్నీ వరుసగా పేర్చి చూసుకున్నాక, ఇక తన కృషి అంతా నడక మీద, పళ్లెం మీద పెట్టారు. ఆవిడకు నిజం చెప్పడం వల్ల మేలే జరిగింది.

ఇదే సందర్భంలో ఒక హెచ్చరికను నివేదికలో నమోదు చేయడం అవసరం. బరువు త్వరగా తగ్గాలని డాక్టరు రాసిన దానికంటే ఎక్కువ మాత్ర వేసుకునేవారు, థైరాయిడ్ లోపమే లేకుండా ఈ మాత్ర మింగేవారు మన చుట్టూ ఉన్నారు. హార్మోన్ మోతాదు మించితే గుండె దడ, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. అది ఎక్కువ కాలం కొనసాగితే గుండె లయ తప్పవచ్చు, ముఖ్యంగా ముట్లుడిగిన స్త్రీలలో ఎముకలు గుల్లబారవచ్చు. ఎవరైనా ఆ దారి పట్టినట్టు తెలిస్తే నలుగురిలో నిలదీయకుండా, పక్కకు పిలిచి చెప్పి డాక్టరు దగ్గరకు తోడు వెళ్లాలని కార్యవర్గం నిర్ణయించింది.

పొద్దుటి కాఫీ, పరీక్ష రోజు

లెవోథైరాక్సిన్‌ను పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, కనీసం అరగంట, వీలైతే గంట ఆగి తినడమో తాగడమో చేయాలి. కాఫీ మాత్ర ఒంటపట్టడాన్ని తగ్గిస్తుంది. మన ఊళ్లో కళ్లు తెరవగానే కాఫీ గ్లాసు చేతిలో ఉండాలి కాబట్టి ఈ నియమం దగ్గరే చాలామంది తప్పుతున్నారు. సభ్యులు తమలో తాము మాట్లాడుకుని కనిపెట్టిన పద్ధతి ఇప్పుడు చాలా ఇళ్లలో నడుస్తోంది. మాత్రల సీసా, మూత పెట్టిన నీళ్ల గ్లాసు రాత్రే మంచం పక్కన పెట్టుకుంటారు. లేవగానే మాత్ర వేసుకుని, వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గు పెట్టి, పాల ప్యాకెట్లు తెచ్చి కాచి డికాషన్ దింపేసరికి అరగంట దానంతటదే దాటిపోతుంది. గడియారం చూసే పని లేదు. ఉదయం అసలు కుదరని ఒకరిద్దరు డాక్టరును అడిగి, రాత్రి భోజనమైన మూడు గంటల తర్వాత వేసుకునేలా మార్చుకున్నారు. రంజాన్ మాసంలో ఉపవాసం ఉండే సోదరీమణులు కూడా తమ వేళల గురించి ముందుగానే డాక్టరుతో మాట్లాడుకున్నారు.

ఐరన్, కాల్షియం మాత్రలకూ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలన్న సంగతి తెలియక అన్నీ కలిపి ఒకే గుక్కలో మింగేవారు మనలో చాలామందే ఉన్నారని ఈ ఏడాది తేలింది. ఎముకల కోసం ఒకరు, రక్తహీనతకు ఇంకొకరు, ఎవరికి వారు వేర్వేరు డాక్టర్లు రాసినవి కావడంతో వాటి మధ్య పొత్తు కుదరదని చెప్పేవారే లేకపోయారు. ప్రతి సభ్యురాలూ వాడుతున్న మందులన్నీ ఒకే కాగితం మీద రాసుకుని, ఏ డాక్టరు దగ్గరకు వెళ్లినా అది చూపించాలని అప్పటి నుంచి అలవాటు చేస్తున్నాం.

పరీక్ష విషయంలో తెలుసుకోవలసిన సంగతి బయోటిన్ అనే బి విటమిన్. థైరాయిడ్ లోపంలో జుట్టు రాలడం మామూలే, దానికి బయోటిన్ ఉన్న మాత్రలు వాడటమూ మామూలే. అయితే అదే బయోటిన్ రక్తపరీక్ష చేసే పద్ధతిలో అడ్డుపడి టీఎస్‌హెచ్, టీ4 (థైరాయిడ్ హార్మోన్) అంకెలను తప్పుగా చూపించవచ్చు. అందుకే పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు దాన్ని ఆపాలని, వాడుతున్న సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలని కోరుతున్నాం. మోతాదు మార్చాక ఆరు నుంచి ఎనిమిది వారాలు గడవకముందే పరీక్ష చేయించుకుంటే అంకె స్థిరపడదు, డబ్బు వృథా.

బుడమేరు వరద

2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు నీరు అజిత్‌సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం వైపు ఇళ్లను ముంచెత్తింది. మన సభ్యుల్లో కొందరి ఇళ్లు అటువైపే ఉన్నాయి. కొన్ని వీధుల్లో నీరు రోజుల తరబడి నిలిచింది. బీరువాలు, పుస్తకాలతో పాటు మందుల డబ్బాలు, చీటీలు, రిపోర్టులు కూడా పోయాయి. షుగరు, బీపీ మందుల గురించి అందరూ ఆదుర్దా పడుతుంటే, థైరాయిడ్ మాత్ర ఆగిపోయిన ఒక సభ్యురాలు డాబా మీద నుంచి ఫోను చేసి, ‘నాకేమైనా అయిపోతుందా’ అని అడిగి కంటతడి పెట్టుకున్నారు. టీ4 హార్మోన్ ఒంట్లో సగానికి తగ్గడానికే సుమారు వారం పడుతుందని, నాలుగైదు రోజులు మాత్ర లేకపోయినంత మాత్రాన ప్రమాదం రాదని, నీరు తగ్గగానే మళ్లీ మొదలుపెట్టవచ్చని తన డాక్టరు ఫోనులో చెప్పాక ఆవిడ నిమ్మళించారు. తిండీ నీళ్లూ సరిగా అందని ఆ రోజుల్లో ఆవిడకు కావలసిన ధైర్యం ఆ మాటే ఇచ్చింది.

ఫ్లైఓవరు దగ్గరకు వెళ్లి ఆహార పొట్లాలు అందించిన మన యువకులు, తర్వాతి రోజుల్లో సభ్యుల మందుల పేర్లు సేకరించి షాపుల నుంచి తెచ్చి ఇచ్చారు. వారికి సంఘం తరఫున హృదయపూర్వకంగా కృతజ్ఞతలు తెలుపుతున్నాను. తడిసిన సీసాలోని మాత్రలు బాగానే కనిపించినా వాడవద్దని అందరికీ చెప్పాం. తేమ, వేడి రెండూ ఈ మందును చెడగొడతాయి. వరద తర్వాత ప్రతి సభ్యురాలి మందుచీటీ ఫొటోను కుటుంబంలో ఇంకొకరి ఫోనులో కూడా ఉంచే ఏర్పాటు చేశాం. మన ఊరి మే నెల ఎండల్లోనూ మాత్రల సీసాను కారులో, పొయ్యి పక్క గూట్లో పెట్టకుండా, దాని మూతతో అదే సీసాలో చల్లని చీకటి చోట ఉంచడం అంతే అవసరం.

వంటింట్లో, దారిలో

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో కొత్త ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. రెండు వేల కేలరీల పళ్లెంలో తృణధాన్యాలు 250 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పప్పులు లేదా గుడ్లు, మాంసం 85 గ్రాములు, నూనె 27 గ్రాములు అని అందులో ఉంది. బరువు తగ్గాలనుకునే చాలామందికి రెండు వేల కంటే తక్కువే చాలు. కాగితం మీది అంకెలు బుర్రకెక్కవు కాబట్టి ఒక సమావేశానికి చిన్న తూకం యంత్రం తెచ్చి, 27 గ్రాముల నూనెను అందరి ముందూ గిన్నెలో పోసి చూపించాం. అది పెద్ద చెంచాతో రెండు చెంచాలు. ఒక మనిషికి రోజు మొత్తానికి, తాలింపు, వేపుడు, ఆవకాయ మీద తేలే నూనె, సాయంత్రం పునుగులు అన్నీ కలిపి అంతే. ఆ లెక్కన నలుగురున్న ఇంట్లో నెలకు మూడున్నర లీటర్లు. తమ ఇంట్లో నెలకు ఎన్ని ప్యాకెట్లు తెగుతున్నాయో అక్కడికక్కడే వేళ్ల మీద లెక్కపెట్టుకున్న సభ్యులు ఆ గిన్నె వైపు చాలాసేపు చూస్తుండిపోయారు. ఏ ఉపన్యాసమూ చేయలేని పని ఆ గిన్నె చేసింది.

క్యాబేజీ, కాలీఫ్లవరు ముట్టకూడదన్న భయం ఇంకా చాలామందిలో ఉంది. ఉడికించి మామూలుగా తింటే వాటితో ఇబ్బంది లేదు. బరువు తగ్గాలనుకునేవారు చవకగా దొరికే ఆ కూరలను దూరం పెట్టడం నష్టమే. ఉప్పు విషయంలో మాత్రం జాగ్రత్త కావాలి. ఆరోగ్యానికి మంచిదని సైంధవ లవణానికి మారిన కొన్ని కుటుంబాల్లో అయోడిన్ అందే ప్రధాన మార్గం మూసుకుపోతోంది. పెద్దలకు రోజుకు 150 మైక్రోగ్రాముల అయోడిన్ చాలు, గర్భిణులకు ఇంకొంచెం ఎక్కువ కావాలి. అది అయోడైజ్డ్ ఉప్పుతోనే, అదీ రోజుకు 5 గ్రాములకు మించని ఉప్పుతోనే అందుతుంది. అలాగని థైరాయిడ్ ఉంది కదా అని అయోడిన్ చుక్కలు, మాత్రలు సొంతంగా వాడటం మరీ తప్పు.

ఉదయపు నడక బీఆర్‌టీఎస్ రోడ్డు మీద ఏడాదంతా సాగింది, వానలప్పుడు తప్ప. వారానికి 150 నిమిషాలు లక్ష్యం. బరువుతో పాటు నడుము చుట్టుకొలత కూడా రాసుకుంటున్నాం. స్త్రీలకు 80, పురుషులకు 90 సెంటీమీటర్లు దాటకూడదు.

ఇంజెక్షన్ల గురించి, ఇంట్లో మాటల గురించి

2025 మార్చిలో షుగరుకూ బరువు తగ్గడానికీ వాడే టిర్జెపటైడ్ ఇంజెక్షన్ మౌంజారో పేరుతో మన దేశంలో మార్కెట్‌లోకి రావడంతో దాని గురించి ప్రశ్నలు వెల్లువెత్తాయి. బృందం దాన్ని సమర్థించడం లేదు, వ్యతిరేకించడం లేదు. తమలో గానీ కుటుంబంలో గానీ మెడుల్లరీ అనే అరుదైన రకం థైరాయిడ్ క్యాన్సర్ వచ్చినవారు దాన్ని వాడకూడదని తయారీదారుల హెచ్చరికలోనే ఉంది. అది మామూలు థైరాయిడ్ లోపానికి వర్తించే హెచ్చరిక కాదు. బరువు బాగా తగ్గినప్పుడు లెవోథైరాక్సిన్ మోతాదు కూడా మార్చవలసి రావచ్చు కాబట్టి, ఇంజెక్షన్ రాసే డాక్టరుకూ థైరాయిడ్ చూసే డాక్టరుకూ ఒకరి సంగతి ఒకరికి తెలియాలి.

నా మనసుకు దగ్గరైన విషయం ఇంకొకటి ఉంది. చికిత్స మొదలుకాని రోజుల్లో థైరాయిడ్ లోపం ఉన్న మనిషికి ఒళ్లు బరువుగా ఉంటుంది, చలి వేస్తుంది, మధ్యాహ్నానికే నీరసం కమ్ముతుంది. దానికి ఇళ్లలో పెట్టే పేరు బద్ధకం. పెళ్లి సంబంధాలు చూస్తున్న అమ్మాయిలైతే మాత్రల సీసాను హ్యాండ్‌బ్యాగు అడుగున దాచుకుంటున్నారు, కొందరు అత్తవారింటికి వెళ్లాక మానేస్తున్నారు. గర్భం దాల్చిన తొలి వారాల్లో బిడ్డ మెదడు ఎదుగుదలకు తల్లి హార్మోనే ఆధారం, అప్పుడు మాత్ర అవసరం పెరుగుతుంది కూడా. కాబట్టి ఈ దాపరికం మనం చూసీచూడనట్టు వదిలేయగలిగింది కాదు. ఈ ఏడాది రెండో భాగంలో అత్తలనూ భర్తలనూ కూడా పిలిచి కుటుంబ సమావేశాలు పెట్టాం. కోడలి పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ, తనకూ నలభై ఏళ్ల వయసులో ఇలాగే ఉండేదని, ఎవరూ పరీక్ష చేయించలేదని అందరి ముందూ చెప్పారు. ఆ తర్వాత ఆవిడ టీఎస్‌హెచ్ పరీక్ష చేయించుకుని ఇప్పుడు చికిత్సలో ఉన్నారు. కోడలితో పాటే పొద్దున్నే నడకకు వస్తున్నారు.

వచ్చే ఏడాదికి కార్యవర్గం మీ ఆమోదం కోరుతున్న తీర్మానాలు రెండు. పురుషులకు ప్రత్యేకంగా ఆదివారం ఒక సమావేశం నడపాలి, ఎందుకంటే ఈ లోపం స్త్రీలకే వస్తుందన్న అపోహతో మగవారు పరీక్ష దాకా రావడం లేదు. కాన్పు దగ్గరపడిన ఇళ్లకు వెళ్లి, పుట్టిన బిడ్డకు తొలి రోజుల్లోనే మడమ నుంచి రక్తం తీసి థైరాయిడ్ పరీక్ష చేయించమని తల్లిదండ్రులకు చెప్పాలి. రెండో పనికి ఇళ్లు తిరగగలిగిన సభ్యులు కావాలి. ఈ సమావేశం ముగిసేలోగా పేర్లు నమోదు పుస్తకంలో రాయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి,
థైరాయిడ్ సభ్యుల తోడ్పాటు బృందం, విజయవాడ