ఆసుపత్రిలో అంటుకున్న జబ్బుకు లెక్క ఉండాలి

సంపాదకుల వారికి నమస్కారం.

యాంటీబయాటిక్స్ పనిచేయకుండా పోతున్నాయని ఇటీవల మీరు ప్రచురించిన వ్యాసం చదివాను. డాక్టరు చీటీ లేకుండా మందుల షాపులో కొనడం, జ్వరం తగ్గగానే మాత్రలు మానేయడం తప్పే. మా ఇంట్లోనూ ఆ తప్పులు చేశాం. కానీ తప్పంతా జనానిదే అన్నట్టు రాస్తే సగమే చెప్పినట్టు. రెండో సగం ఐసీయూలో ఉంది. దాన్ని నేను దగ్గరగా చూశాను.

పోయిన ఏడాది మావారు బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. ఆపరేషన్ బాగానే జరిగింది. మర్నాడు ఆయాసం వస్తే ఐసీయూకి మార్చి వెంటిలేటర్ పెట్టారు. ఆరో రోజు నుంచి చలిజ్వరం మొదలైంది. గొంతులో వేసిన ట్యూబు నుంచి కఫం తీసి కల్చర్ పరీక్షకు పంపారు. రిపోర్టులో క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా పేరు, దాని కింద వరసగా మందుల పేర్లు, దాదాపు ప్రతి పేరు పక్కన 'ఆర్' అనే అక్షరం ఉన్నాయి. ఆర్ అంటే రెసిస్టెంట్ అని, ఆ మందుకు ఈ క్రిమి లొంగదని డ్యూటీ డాక్టరుగారు చెప్పారు. ఐసీయూల్లో పెద్ద మందుగా వాడే మెరోపెనెం పక్కన కూడా ఆర్ అనే ఉంది. చివరికి, వేరే మందులేవీ పనిచేయనప్పుడు వాడే కొలిస్టిన్ అనే మందు ఎక్కించారు. కిడ్నీలు దెబ్బతినొచ్చని ముందే చెప్పి నా చేత సంతకం పెట్టించుకున్నారు. అలాగే దెబ్బతిన్నాయి. చేరిన పంతొమ్మిదో రోజున ఆయన పోయారు.

ఎముక విరిగి వెళ్లిన మనిషి ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్‌తో చనిపోయారు. కాగితాల్లో మాత్రం 'సెప్సిస్' అని, అంటే ఇన్ఫెక్షన్ ముదిరి ఒంట్లోని అవయవాలు దెబ్బతిన్నాయని, ఒక్క మాట ఉంది. అది ఎక్కడ అంటుకుందో ఎవరూ రాయలేదు.

ఐసీయూ అద్దం బయట గంటలకొద్దీ నిలబడ్డాను కాబట్టి కొంత తెలుసు. ఒక్క సిస్టర్ నాలుగు బెడ్లు చూసుకునేది. ఒకరికి కఫం తీసి, ఆ వెంటనే పక్కవారి సెలైన్ సరిచేసేది. మధ్యలో చేతులు కడుక్కునే తీరిక ఉండేది కాదు. గోడకున్న శానిటైజర్ డబ్బా రెండు రోజులు ఖాళీగానే కనిపించింది. ఆ అమ్మాయిని నేను తప్పుపట్టను, రాత్రంతా కూర్చోకుండా పనిచేసింది. నలుగురు రోగులకు ఒక్కరినే పెట్టినవారిదే తప్పు. ఐసీయూలో బలమైన మందులకు మామూలు క్రిములు చస్తాయి, మొండివి మిగులుతాయి. అవి సింకుల్లో, బెడ్ కమ్మీల మీద, ట్యూబుల్లో తిష్ట వేసి చేతుల మీదుగా ఒకరి నుంచి ఒకరికి పాకుతాయి. చేతులు కడిగితే ప్రాణాలు నిలుస్తాయని 1847లోనే వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు బాలింతల వార్డులో చేసి చూపించాడు.

మనలాంటి దేశాల్లో ఆసుపత్రిలో చేరిన ప్రతి 100 మందిలో 15 మందికి అక్కడే కనీసం ఒక ఇన్ఫెక్షన్ అంటుకుంటోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. మావారు చేరిన ఆసుపత్రిలో ఎంతమందికి అని అడిగితే, అలాంటి వివరాలు బయటికి ఇవ్వం అన్నారు.

ఇంగ్లండ్‌లో అలా అనడానికి వీల్లేదు. రోగుల రక్తంలో ఎంఆర్‌ఎస్‌ఏ అనే మొండి బ్యాక్టీరియా ఎన్నిసార్లు దొరికిందో అక్కడి ప్రభుత్వ ఆసుపత్రులు 2001 నుంచి తప్పనిసరిగా చెప్పాలి. ఆ లెక్కలు ఆసుపత్రుల పేర్లతో సహా ప్రచురిస్తారు. 2003-04లో దాదాపు 7,700 కేసులుంటే, పదేళ్లకు వెయ్యి లోపుకు దిగాయి. చేతుల శుభ్రత, అవసరం తీరిన ట్యూబులను వెంటనే తీసేయడం లాంటి జాగ్రత్తలకే అక్కడ పట్టుబట్టారు.

బయటి క్రిములే మొండిగా మారాయి, మేమేం చేస్తాం అని ఆసుపత్రులు అనవచ్చు. అందులో నిజం లేకపోలేదు. హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరులో మందుల కంపెనీల మురుగును శుద్ధి చేసి వదిలిన నీటిలో కూడా, మందు వేసుకున్న మనిషి రక్తంలో కన్నా ఎక్కువ సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని స్వీడన్ శాస్త్రవేత్తలు 2007లోనే తేల్చారు. ఆ కాలుష్యం మీద వేరే పోరాటం చేయాలి. ఐసీయూ తలుపు లోపల జరిగేది మాత్రం ఆసుపత్రి చేతిలోనే ఉంది.

ఉచిత వైద్యం కోసం పెట్టిన డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పథకం కింద ఆసుపత్రులకు డబ్బు కట్టేది మన ప్రభుత్వమే. వెంటిలేటర్, యూరిన్ ట్యూబు, సెంట్రల్ లైన్ (పెద్ద రక్తనాళంలోకి వేసే ట్యూబు), ఆపరేషన్ గాయం వల్ల వచ్చిన ఇన్ఫెక్షన్ల లెక్క ప్రతి నెలా ప్రభుత్వానికి ఇచ్చి, గేటు దగ్గర బోర్డు మీద రాసే ఆసుపత్రులకే ఈ పథకంలో చోటివ్వాలి. ఇన్ఫెక్షన్ల మీద కన్నేసి ఉంచడమే పనిగా ఒక నర్సును ప్రతి ఐసీయూలో పెట్టించాలి. బిల్లులో గ్లవ్స్ జతల లెక్క కూడా రాసి ఇచ్చారు. ఇన్ఫెక్షన్ల లెక్క రాయడం వాళ్లకు చేతకాని పనేమీ కాదు.

మావారి కల్చర్ రిపోర్టు, కేస్ షీటు నకలు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. ఆరోగ్య శాఖ వారు అడిగితే నేనే తీసుకెళ్లి ఇస్తాను.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, తెనాలి