చెరువు పాచిని చదివేవారు కావాలి

సంపాదకులకు,

పానగల్లు ఉదయసముద్రం గట్టున నడిచేవారు నీటిమీద పచ్చని తెట్టు కనబడితే పాచి పట్టిందని ముఖం తిప్పుకుంటారు గాని, వృక్షశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకుంటున్న నావంటివానికి అది నీటి జాతకం. మూసీలోని శైవలాలకూ (పాచి జాతులకూ) కాలుష్యానికీ గల సంబంధంపై వి. వెంకటేశ్వర్లు హైదరాబాదులో చేసిన అధ్యయనం 1969లోనే ‘హైడ్రోబయాలజియా’ పత్రికలో వెలువడింది. ఆ మూసీయే మన జిల్లాలోకి దిగివచ్చి వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తోంది.

ఈ విద్యలో పేరు ఆలస్యంగా వస్తుంది, ఒక్కోసారి రానే రాదు. ఎండైనా వానైనా నెలనెలా ఒకేచోట నీరు ముంచి తెచ్చి, అయోడిన్ ద్రావణంలో భద్రపరచి, డయాటమ్ అనే ఏకకణ శైవలపు సిలికా పెంకుపై గీతలను సూక్ష్మదర్శిని కింద లెక్కపెట్టి జాతిని తేల్చేసరికి కళ్లు కాయలు కాస్తాయి. జన్యు పరీక్షలు వచ్చాక ఈ ఓపిక పాతబడిందనేవారున్నారు, నేను ఒప్పుకోను. మైక్రోసిస్టిస్ వంటి నీలి ఆకుపచ్చ శైవలాల్లో కొన్ని కాలేయాన్ని దెబ్బతీసే విషాన్ని విడుదల చేస్తాయి, ఆ నీటినే మన పశువులు తాగుతాయి.

జిల్లాలోని డిగ్రీ కళాశాలలు తలా ఒక చెరువును ఎంచుకొని, విద్యార్థులతో ఏడాది పొడవునా శైవలాల పట్టిక రాయించాలని కోరుతున్నాను.

– విశ్రాంత అధ్యాపకుడు, నల్లగొండ