ఎమ్మారై గది తలుపు దగ్గర అందరినీ అడగాలి

సంపాదకుడు గారికి,

ఆమధ్య మా అమ్మకు ఎమ్మారై తీయించాల్సి వచ్చింది. ఇరవై ఏళ్ల కిందట ఆమె మెదడులో రక్తనాళం ఉబ్బితే ఆపరేషన్ చేసి క్లిప్ పెట్టారు. ఆ మాట చెప్పగానే టెక్నీషియన్ 'ఏ రకం క్లిప్? కాగితం ఉందా?' అన్నాడు. లేదన్నాం. కాగితం చూడందే లోపలికి పంపనన్నాడు. పొద్దుటినుంచి కూర్చుని ఉన్నామన్న విసుగులో అతనితో గొడవ పడ్డాం.

గొడవ పడాల్సింది అతనితో కాదని ఇంటికొచ్చాక తెలిసింది. ఎమ్మారై మిషన్ అంటే చాలా బలమైన అయస్కాంతం. పాత క్లిప్పుల్లో కొన్ని అయస్కాంతం లాగే రకం ఉక్కువి. స్కాన్‌లో అది కదిలితే రక్తనాళం చిట్లుతుంది. టైటానియంవైతే ఆ భయం లేదు. బయటినుంచి చూసి ఏది ఏదో చెప్పలేం. ఆపరేషన్ చేసిన ఆసుపత్రి పాత ఫైలు వెతికి ఇవ్వడానికి తొమ్మిది రోజులు పట్టింది. మా అమ్మది టైటానియందే. కానీ ఆ రోజు అతనికీ తెలియదు, మాకూ తెలియదు.

పేస్‌మేకర్, చెవిలో అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్, స్టెంట్... ఒంట్లో ఏది పెట్టినా కంపెనీ, మోడల్, నంబరు రాసిన కార్డు డిశ్చార్జ్ నాడే చేతిలో పెట్టాలి. కొత్త పేస్‌మేకర్లలో చాలావాటికి స్కాన్ తీయొచ్చు, కానీ ముందు దాని సెట్టింగ్ మార్చాలి, అయ్యాక మళ్లీ సరిచేయాలి. మోడల్ తెలియకుండా అదెలా?

ఇంకో సంగతి. ప్రశ్నలన్నీ రోగినే అడుగుతారు, వెంట వచ్చినవాళ్లను పట్టించుకోరు. 2018లో ముంబైలో రోగి బంధువు ఒకరు ఆక్సిజన్ సిలిండర్‌తో ఆ గదిలోకి వెళ్లి చనిపోయారు. 2025లో అమెరికాలో మెడలో బరువైన ఇనుప గొలుసుతో వెళ్లిన ఒకాయన కూడా అంతే. ఇద్దరూ స్కాన్ కోసం వచ్చినవాళ్లు కారు. చప్పుడు ఆగితే మిషన్ ఆగిందనుకుంటాం. అయస్కాంతం మాత్రం రాత్రీ పగలూ పనిచేస్తూనే ఉంటుంది. మామూలుగా వాడే 1.5 టెస్లా (అయస్కాంత బలాన్ని కొలిచే ప్రమాణం) మిషన్ బలం భూమి అయస్కాంత శక్తికి దాదాపు 30,000 రెట్లు.

బంగారాన్ని అయస్కాంతం లాగదు కదా అని వాదించేవాళ్లున్నారు. నిజమే, లాగదు. కానీ ఏ లోహమైనా స్కాన్‌లో వేడెక్కి చర్మం కాలొచ్చు. ఒంటికి అతికించుకునే మందు పట్టీల్లో కొన్నింటికి వెనక సన్నటి లోహపు పొర ఉంటుంది, అదీ కాలుస్తుంది. ఈ పట్టీల గురించి మమ్మల్ని ఎవరూ అడగలేదు.

అందుకే స్కాన్‌కు ముందు ఇచ్చే ప్రశ్నల ఫారం రోగికి వచ్చిన భాషలో ఉండాలి. 'ఇక్కడ సంతకం పెట్టండి' అనకుండా ఒక్కో ప్రశ్నా చదివి అడగాలి, తోడు వెళ్లేవారినీ అడగాలి. కార్డు పోగొట్టుకునేది మనమే కాబట్టి ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకుంటే మంచిది. ఆ ఫోన్‌ను మాత్రం గది బయటే వదలాలి.

— ఒక పాఠకురాలు