తోటివారి సాయానికీ వేతనం ఉండాలి

సంపాదకునికి,

మానసిక ఆరోగ్యం గురించి రాసేటప్పుడు వైద్యులు, మందుల ప్రస్తావనే ఎక్కువగా వస్తుంది. అవి అవసరమే, నేను ఇప్పటికీ మందులు వాడుతున్నాను. అయితే కుంగుబాటు నుంచి నేను తేరుకోవడంలో తోటి బాధితుల బృందానికి పెద్ద వాటా ఉంది. అక్కడ ఎవరూ "ధైర్యంగా ఉండు" అనరు. (ఆ మాట విని కోలుకున్నవారు ఎవరైనా ఉంటే చూడాలని ఉంది.) పొద్దున లేచి పళ్లు తోముకోవడమే కొండ ఎక్కినట్టుందని ఒకాయన అంటే, పక్కనున్న ఆవిడ "కుర్చీ వేసుకుని తోముకోండి, నేను అదే చేశాను" అంది.

ఇప్పుడు కొత్తగా వచ్చినవారి పక్కన నేను కూర్చుంటున్నాను. సాయం పొందినవారికంటే చేసినవారికే ఒక్కోసారి ఎక్కువ మేలు జరుగుతుందని అమెరికా పరిశోధకుడు ఫ్రాంక్ రీస్‌మన్ 1965లోనే రాశారు. తాగుడు మానాలనుకునేవారు ఒకరికొకరు తోడుగా నిలిచే సంఘం, 1935లో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్ నడిచేదీ చాలావరకు ఇలాగే. నా మట్టుకు, ఎవరికో ఫోను చేస్తానని మాట ఇచ్చాను కాబట్టే మంచం దిగిన రోజులున్నాయి.

అలాగని ఇలా తోటివారికి సాయపడే బాధితులను సేవ పేరుతో అరగదీయడం తగదు. వేళాపాళా లేకుండా ఇతరుల గోడు వినేవారికి జబ్బు తిరగబెట్టవచ్చు. ఎవరి నోటైనా ఆత్మహత్య మాట వినిపిస్తే వెంటనే ఎవరికి చెప్పాలో శిక్షణలోనే నేర్పాలి. ఆసుపత్రులు వీరిని వార్డుల్లో తిప్పుకుని, చివర్లో శాలువా కప్పి పంపేయకుండా వేతనం, సెలవులు ఇవ్వాలి. వీరి మనసులోని బరువు వినడానికి ఒక పర్యవేక్షకుణ్ణి కూడా నియమించాలి.

– ఒక పాఠకురాలు