రోబో జట్లకు సాయంత్రం పూట ల్యాబ్ తలుపు తెరిచి ఉంచండి

సంపాదకులకు నమస్కారం.

ఆగస్టు వస్తే పిల్లల రోబో పోటీ ఫస్ట్ లెగో లీగ్ కొత్త సీజన్ మొదలవుతుంది. ఉక్కు కర్మాగారంలో ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యాక, గాజువాక వైపు ప్రభుత్వ బడి పిల్లల జట్టుకు సాయపడుతున్నాను. ఈ ఊళ్లో నాలాగా పనిముట్లు పట్టిన వాళ్లకూ, విద్యాశాఖ అధికారులకూ చెప్పాల్సిన మాట ఒకటి ఉండి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఈ పోటీ తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు టేబుల్ మీద రెండున్నర నిమిషాల్లో రోబో ఎన్ని పనులు చేయగలిగితే అన్ని పాయింట్లు. రిమోట్ ఉండదు. బయల్దేరే చోటి గీత దాటి బయటికెళ్లాక పిల్లలు రాసిన ప్రోగ్రామే దాన్ని నడపాలి, మధ్యలో చేత్తో పట్టుకుంటే పాయింట్లు పోతాయి. జట్టులో పది మంది దాకా ఉండొచ్చు. మొత్తం మార్కుల్లో ఈ ఆటకు నాలుగో వంతే. రోబోను ఎందుకలా కట్టారో చెప్పడం, ఆ ఏడాది అంశం మీద ప్రాజెక్టు చేయడం, ఒకరితో ఒకరు కలిసి పనిచేసే తీరు, వీటికి తలా ఒక వంతు.

2024-25 సీజన్‌కు సముద్రం అంశంగా ఇచ్చారు. విశాఖ పిల్లలకు అంతకంటే ఏం కావాలి? మా వాళ్లు ఫిషింగ్ హార్బర్‌కు వెళ్లి సరంగులతో, వలలు బాగుచేసే వాళ్లతో మాట్లాడారు. తెగి నీళ్లలో ఉండిపోయిన నైలాన్ వలలు ఏళ్ల తరబడి చేపల్నీ తాబేళ్లనీ పట్టేస్తూనే ఉంటాయని అక్కడే తెలుసుకున్నారు. పుస్తకంలో కాలుష్యం పాఠం చదివిన పిల్లలే ఆ రోజు నుంచి ఇంట్లో వాళ్లతో వాదనకు దిగారు.

నేను ఎక్కువగా చూసేది రోబో దగ్గరి పని. నిన్న చక్కగా వెళ్లిన రోబో ఇవాళ మలుపు దగ్గర తప్పుతుంది. “ఏటి మాస్టారూ, ఇదే ప్రోగ్రాంకి నిన్న బాగా ఎల్లింది కదా?” అని ఏడో తరగతి అమ్మాయి అడిగింది. నేను జవాబు చెప్పలేదు. రిజిస్టర్ ఒకటి ఇచ్చి, ప్రతిసారీ బ్యాటరీ ఎంతుందో, టైర్లు తుడిచారో లేదో, కిటికీ తీసి ఉందో మూసి ఉందో రాయమన్నాను. రాయగా రాయగా వాళ్లకే దొరికింది. టైర్లకు దుమ్ము పడితే చక్రం జారుతోంది. కిటికీ వెలుగు పడే వేళ, రోబో చూసి నడిచే నల్లగీత మీద కలర్ సెన్సర్ చూపే అంకె మారిపోతోంది. అప్పటి నుంచి ఎక్కడికెళ్లినా ముందు ఆ టేబుల్ మీదే నలుపు, తెలుపు రెండు రీడింగులూ తీసుకుని, వాటి నడిమి అంకెతో ప్రోగ్రాం సరిచేసుకుంటున్నారు. కర్మాగారంలో మేం చేసిన కాలిబ్రేషన్ అదే. చక్రం వ్యాసం 5.6 సెంటీమీటర్లు కాబట్టి ఒక చుట్టుకు 17.6 సెంటీమీటర్లు పోవాలని లెక్క కట్టి, టేపుతో కొలిచి సరిపోయినప్పుడు వాళ్లు పెట్టిన కేక పక్క తరగతి దాకా వినిపించింది. పై (π) విలువ పరీక్షకే పనికొస్తుందనుకున్న పిల్లలు వీళ్లు.

ఇంత చేసే పిల్లలకు అడ్డం వచ్చేది తాళం. బళ్లలో పిల్లలు చేత్తో చేసి నేర్చుకునే అటల్ టింకరింగ్ ల్యాబ్‌ల పథకం 2016లో వచ్చింది. ఎంపికైన బడికి ల్యాబ్ పెట్టడానికి 10 లక్షలు, అయిదేళ్లు నడపడానికి మరో 10 లక్షల దాకా కేంద్రం ఇస్తుంది. నేను వెళ్లిన ఒక బడిలో ఆఖరి గంట కొట్టగానే ఆ గదికి తాళం పడుతుంది. టీచర్లను తప్పు పట్టను. ఒక మోటారు పోతే సంజాయిషీ రాసుకోవలసింది వాళ్లే. అందుకే విద్యాశాఖ, జీవీఎంసీ (నగరపాలక సంస్థ) రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి. సీజన్ నడిచే నెలల్లో సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా ల్యాబ్ తెరవాలి. స్టాకు రిజిస్టర్‌కు ఇద్దరు బాధ్యులుండాలి. ఒక టీచరమ్మో, పిల్లల తల్లుల్లో ఒకరో అక్కడ ఉంటే చీకటి పడుతుందని ఆడపిల్లల్ని మాన్పించే పరిస్థితి రాదు. మా జట్టులో ప్రోగ్రాం బాగా రాసే పిల్ల ఈ కారణంతోనే దాదాపు ఆగిపోయింది. ఆమె మేనత్త వచ్చి కూర్చుంటానంది కాబట్టి నిలబడింది.

ఇక మనవాళ్ల మాట. ఉక్కు కర్మాగారం, షిప్‌యార్డ్, డాక్‌యార్డ్, రిఫైనరీ, పోర్టు, లోకో షెడ్ ఉన్న ఊరిది. వాటిల్లో రిటైరైన ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు వీధికొకరున్నారు. మెంటార్ ఆఫ్ చేంజ్ పేరుతో ఈ ల్యాబ్‌లకు వారానికి గంటో రెండు గంటలో ఇచ్చే వాళ్లను కేంద్రమే తీసుకుంటుంది. కంచరపాలెం పాలిటెక్నిక్, ఐటీఐ విద్యార్థులు వచ్చినా మేలే. ఒక్కటే షరతు, స్క్రూ డ్రైవర్ మన చేతిలోకి రాకూడదు. డబ్బిచ్చి పెట్టుకున్న కోచ్ కట్టిన రోబోతో వచ్చే జట్లు ఉంటాయి. “ఈ గేరు ఇక్కడెందుకు పెట్టారమ్మా?” అని న్యాయనిర్ణేత అడగగానే ఆ పిల్లలు పెద్దవాళ్ల వైపు చూస్తారు. ఆ చూపు ఏ పిల్లకూ రాకూడదని నా పట్టుదల.

జూలై లోపు మా టేబుల్ సిద్ధం కావాలి. ప్లైవుడ్ షీటు సరిగ్గా ఎనిమిదికి నాలుగడుగులే వస్తుంది కనుక కోత పని లేదు, చుట్టూ చెక్క అంచు బిగిస్తే చాలు. రెండు షీట్లు మా కాలనీ వాళ్లు కొనిపెట్టారు, రెండోది పక్క బడి జట్టు కోసం. ఆటోనగర్‌లో గానీ మర్రిపాలెంలో గానీ ఓ ఆదివారం ఈ పనికి ఇవ్వగల వడ్రంగి ఉంటే మా బడికి కబురు చేయమని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్,
గాజువాక, విశాఖపట్నం