కొమ్మ మీకు, కానుక నాకు

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

మన తెలుగు బడి శనివారాల్లో నడుస్తుంది కనుక వసంతంలో ఏటా ఒకే చిక్కు వచ్చిపడుతోంది. ఈస్టర్‌కు ముందు రోజు శనివారం, మే నెలాఖరున గానీ జూన్ మొదట్లో గానీ ఇక్కడి బడులు మూతపడే చివరి శనివారం, రెండూ ఈ ఊరి పిల్లలకు పండుగ రోజులే. కిందటేడు ఆ రెండు రోజులూ నేను తరగతులు యథావిధిగా నడిపాను. మీలో చాలామంది తెలుగు మీది మమకారంతో పిల్లలను వేడుకలు మాన్పించి మరీ పంపారు. అది నా పొరపాటు. ఈ ఏడు నుంచి ఆ రెండు శనివారాలూ మన బడికి సెలవు.

కారణం చెప్పాలంటే మనం ఉంటున్న ఫిన్లాండులోని కౌస్తినెన్ గురించే ముందు చెప్పాలి. నాలుగు వేల పైచిలుకు జనాభా ఉన్న ఈ చిన్న మునిసిపాలిటీలో 1968 నుంచి జులైలో జానపద సంగీతోత్సవం జరుగుతోంది. ఇక్కడి ఫిడేలు వాదన సంప్రదాయాన్ని 2021లో యునెస్కో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. కోన్‌స్తా యుల్హా (1910–1984) వంటి వాద్యకారులు పుట్టిపెరిగిన నేల ఇది. అయితే నన్ను ఎక్కువగా కదిలించింది ఆ గుర్తింపు కాదు, ఆ విద్య పిల్లలకు అందుతున్న తీరు. ఇక్కడ పాటను ప్రధానంగా చెవితోనే పట్టుకుంటారు, మన ఇళ్లలో అమ్మమ్మలు పాడుతుంటే పిల్లలకు పాటలు పట్టుబడినట్టే. మౌనో యార్వేలా 1980 దశకంలో మొదలుపెట్టిన ‘న్యాప్పారి’ పద్ధతిలో నిన్న మొన్న ఫిడేలు పట్టిన పిల్లవాడు, ఏళ్ల తరబడి సాధన చేసినవాడు ఒకే వేదిక మీద, ఒకే పాటకు కూర్చుంటారు. కొత్తవాడికి తీగలను వేలితో నొక్కకుండా వాయించే రెండు మూడు స్వరాలే ఇస్తారు, పెద్దవాడికి కష్టమైన వరుస ఇస్తారు. ‘ముందు బాగా నేర్చుకో, తర్వాత వేదిక ఎక్కుదువు’ అని ఎవరినీ పక్కన కూర్చోబెట్టరు. ఈ ఊరి పండుగలన్నిటిలో నాకు కనిపించిన స్వభావం ఇదే: వచ్చినంతతోనే పిల్లవాడు లోపలికి వెళ్లవచ్చు. అలాంటి చోట మన పిల్లలు గట్టు మీద నిలబడి చూస్తుంటే నా మనసు ఒప్పుకోవడం లేదు.

నేను వచ్చిన మొదటి ఏడు ఈస్టర్ ముందరి శనివారం తలుపు తట్టిన చప్పుడైతే తీశాను. మంత్రగత్తెల వేషంలో తలకు రుమాలు కట్టుకుని, బుగ్గల మీద మచ్చలు దిద్దుకున్న ఇద్దరు చిన్నపిల్లలు చేతిలో రాగి కాఫీ పాత్రతో నిలబడి ఉన్నారు. రంగు ఈకలు, రంగు కాగితాలు కట్టిన విల్లో చెట్టు కొమ్మను నా ముందు ఊపుతూ ఏదో చదివారు. విరాళం అడుగుతున్నారేమోనని చెయ్యి అడ్డంగా ఊపి తలుపు వేసేశాను. వాళ్లు చదివింది ‘రాబోయే ఏడంతా పచ్చగా, ఆరోగ్యంగా ఉండండి, కొమ్మ మీకు, కానుక నాకు’ అనే దీవెన అని తర్వాత ఇరుగుపొరుగు చెబితే తెలిసింది. సంక్రాంతి వేళ గుమ్మంలోకి వచ్చిన హరిదాసును వట్టి చేతులతో తిప్పి పంపినంత బాధ కలిగింది. ఆ పిల్లల ముఖాలు ఇప్పటికీ గుర్తున్నాయి. ఫిన్లాండులో ఎక్కువ చోట్ల ఈ కొమ్మల వేడుక ఈస్టర్‌కు వారం ముందు ఆదివారం జరిగితే, మన పశ్చిమ ప్రాంతంలో ఈ శనివారానికే ప్రాధాన్యం. ఆ రాత్రి మంత్రగత్తెలు తిరుగుతారన్న పాత నమ్మకం వల్ల వాళ్లను తరమడానికి పెద్ద మంటలు కూడా వేసేవారు. ఆ మంటలు ఇప్పటికీ వేస్తారు, చూస్తే మీకు భోగి గుర్తుకు రాక మానదు.

ఇక విద్యాసంవత్సరం ముగిసే నాటి వసంత వేడుకలో పాడే ‘సువివిర్సి’ గురించి కొందరు నన్ను అడిగారు. అది చర్చి కీర్తనల పుస్తకంలోనిదే, కానీ తరతరాలుగా ఇక్కడి పిల్లలకు అది వేసవి సెలవుల పాట. చర్చిలో జరిగే ప్రార్థనల సంగతి వేరు. వాటికి వెళ్లని పిల్లలకు బడి ప్రత్యామ్నాయ కార్యక్రమం ఏర్పాటు చేస్తుంది. నిర్ణయం మీదే. పాటకు, మార్కుల పత్రం అందుకునే ఘట్టానికి మాత్రం పిల్లలు తోటివారితో ఉంటే బాగుంటుందని నా అభిప్రాయం.

మిగతా పండుగలు మన తరగతులకు అంతగా అడ్డు రావు. మే 1న వచ్చే వప్పు అనే వసంత పండుగకు ఇక్కడివారు చేసే తిప్పలేయిపా అచ్చం జాంగ్రీలాగే పిండిని నూనెలో చుట్టలు తిప్పి వేయించేది, పాకానికి బదులు పైన పంచదార పొడి చల్లుతారు. డిసెంబరు 6న, 1917 నాటి స్వాతంత్ర్య ప్రకటన జ్ఞాపకంగా, సాయంత్రం ఆరింటికి కిటికీలో రెండు కొవ్వొత్తులు వెలిగిస్తారు. మీ ఇంటి కిటికీలోనూ వెలిగించండి.

ఈస్టర్ ముందు జరిగే మన చివరి తరగతికి ప్రతి బిడ్డతో రెండు మూడు విల్లో కొమ్మలు పంపించండి. మెత్తటి బూడిదరంగు మొగ్గలు ఉన్నవే కోయాలి. ఫిన్నిష్‌లో వాటిని ‘విల్లో పిల్లులు’ అంటారు. స్థలం యజమానిని అడిగాకే కోయండి. ఈకలు, రంగు కాగితాలు బడి ఇస్తుంది. దీవెనను ముందు ఫిన్నిష్‌లో, తర్వాత తెలుగులో కంఠస్థం చేయిస్తాం. శనివారం ఉదయం మీ తలుపు తట్టేవారి కోసం ఒక గిన్నెలో చాక్లెట్లు సిద్ధంగా పెట్టుకోండి.

భవదీయ,
ప్రధానోపాధ్యాయురాలు